తరంగం చెప్పే తీర్పు: ఫ్లెక్సోవిద్యుత్ స్ఫటికాల్లో ధ్వని ప్రయాణం
ఆచార్య సూరి భగవంతం గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం



భగవంతం గారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన ఆయన కలకత్తాలో రామన్ గారి దగ్గర పనిచేశారు. తర్వాత వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి ఒక నడక నేర్పారు. ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఆయన చేసిన సేవ మీకు తెలిసిందే. ఈ సాయంత్రం నేను ఆ పదవుల జోలికి వెళ్లను. వాల్తేరు రోజుల దగ్గరే ఉంటాను.

అక్కడ ఆయన రెండు పనులు సమాంతరంగా నడిపారు. ఒకటి ప్రయోగం. భీమసేనాచార్ గారితో కలిసి, చీలిక ఆకారంలో కోసిన క్వార్ట్జ్ పలకతో అతిధ్వనులు పుట్టించి, వాటిని స్ఫటికాల గుండా పంపి, ఆ స్ఫటికాల స్థితిస్థాపక స్థిరాంకాలు కొలిచారు. రెండోది సిద్ధాంతం. ఒక స్ఫటికం సౌష్ఠవం తెలిస్తే అందులో ఏ భౌతిక ధర్మం ఉండగలదు, ఏది ఉండలేదు, ఉంటే దాన్ని చెప్పడానికి ఎన్ని స్వతంత్ర సంఖ్యలు కావాలి అన్నది గ్రూప్ థియరీతో తేల్చే పద్ధతి. వెంకటరాయుడు గారితో కలిసి రాసిన గ్రూప్ థియరీ గ్రంథం 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే ప్రచురించింది. అంతకు ముందు ఏడు సూర్యనారాయణ గారితో కలిసి, మూడో తరగతి స్థితిస్థాపక గుణకాలు ఏ స్ఫటికానికి ఎన్ని ఉంటాయో లెక్కగట్టారు. ఈ ఆలోచనలన్నీ 1966లో వచ్చిన ‘క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్’ అనే పుస్తకంలో ఒకచోట చేరాయి.

తరంగం, సౌష్ఠవం. ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయే చోటు ఒకటుంది. అదే ఫ్లెక్సోవిద్యుత్తు.

ముందు పీజోవిద్యుత్తును గుర్తు చేసుకుందాం. 1880లో జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం కనిపిస్తుంది, అంటే స్ఫటికంలో విద్యుత్ ధ్రువణం పుడుతుంది. ‘కొన్ని’ అన్నది ఇక్కడ ముఖ్యం. స్ఫటిక తరగతులు 32. వాటిలో సౌష్ఠవ కేంద్రం లేనివి 21, ఆ 21లో ఒక ఘన (క్యూబిక్) తరగతిని మినహాయిస్తే పీజో గుణం ఉండగలిగేవి 20. మిగతా వాటికి ఎందుకు లేదో భగవంతం గారి పద్ధతిలో చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికాన్ని ఆ కేంద్రం గుండా మొత్తం తిరగేశామనుకోండి. స్ఫటికం మారదు. నొక్కుడు నొక్కుడుగానే ఉంటుంది. ధ్రువణానికి మాత్రం దిశ ఉంది కనుక అది తలకిందులు కావాలి. కారణం మారకుండా ఫలితం తలకిందులు కాజాలదు. కాబట్టి ఆ ఫలితం సున్నా.

ఇప్పుడు నొక్కుడు అన్నిచోట్లా ఒకేలా లేదనుకోండి. పచ్చి వెదురు బద్దను వంచితే పైవైపు సాగుతుంది, లోపలివైపు ముడుచుకుంటుంది, మధ్యలో ఏమీ జరగదు. ఒక అంచు నుంచి రెండో అంచుకు వెళ్లేకొద్దీ ఈ సాగడం, ముడుచుకోవడం, అంటే వికృతి, మారుతూ పోతుంది. ఇలా మారే రేటునే వికృతి ప్రవణత అంటాం. ఈ ప్రవణతకు దిశ ఉంది. కేంద్రం గుండా తిరగేస్తే ధ్రువణంతో పాటు ఇదీ తలకిందులవుతుంది. రెండూ కలిసే మారుతున్నాయి కాబట్టి సౌష్ఠవం అభ్యంతరం చెప్పదు. ఫ్లెక్సోవిద్యుత్తు అంటే ఇదే: వికృతి ప్రవణత వల్ల పుట్టే ధ్రువణం. 32 తరగతుల్లో ఏదీ దీనికి మినహాయింపు కాదు. గాజు లాంటి స్ఫటికేతర పదార్థాల్లోనూ ఉంటుంది. గుణకాల లెక్క చూడండి. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 54 సంఖ్యలు కావాలి. అత్యధిక సౌష్ఠవం ఉన్న ఘన స్ఫటికానికి మూడు చాలు, అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే పదార్థానికి రెండే. ఘన స్ఫటికానికి స్థితిస్థాపక స్థిరాంకాలు కూడా మూడే. వాల్తేరులో ఆ మూడింటిని కొలవడానికి పడ్డ శ్రమ ఎంతో తెలిసినవారికి ఈ కొత్త మూడింటిని కొలవడం ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

‘ఫ్లెక్సో’ అంటే వంపు కనుక పేరు వినగానే వంచడమే గుర్తొస్తుంది గానీ ఈ విషయం పుట్టింది తరంగాల చర్చలోనే. సోవియట్ శాస్త్రవేత్తలు మష్కేవిచ్, టోల్పిగో 1957లో స్ఫటిక జాలక కంపనాలను పరిశీలిస్తూ దీన్ని మొదట ప్రస్తావించారు. 1964లో కోగన్ దీనికి సిద్ధాంత రూపం ఇచ్చారు. ఆయన అసలు ప్రశ్న ఏమిటంటే, స్ఫటికంలో ధ్వని తరంగాలు ఎలక్ట్రాన్లను ఎలా చెదరగొడతాయి? ఇది సహజమైన ప్రశ్నే. వంచిన పలకలో ప్రవణత మనం కావాలని తెచ్చిపెట్టింది. తరంగంలో అది పుట్టుకతోనే ఉంది. సంపీడనం ఉన్నచోటికీ విరళీకరణం ఉన్నచోటికీ మధ్య వికృతి మారకుండా తరంగం అనేదే ఉండదు. కాబట్టి ఏ విద్యుద్రోధక పదార్థం గుండా ఏ ధ్వని తరంగం వెళ్లినా దాని వెంట ఒక విద్యుత్ తరంగం నడుస్తూనే ఉంటుంది. సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికంలో కూడా, తరంగం వెళుతున్న క్షణంలో, అది వెళుతున్న చోట, ఆ కేంద్రం లేనట్టే.

ఆ విద్యుత్ తోడు ఎలా నడుస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. పీజో స్ఫటికంలో వికృతి గరిష్ఠంగా ఉన్నచోటే ధ్రువణమూ గరిష్ఠం. ఫ్లెక్సోలో అలా కాదు. శిఖరం దగ్గర వికృతి ఎక్కువే గానీ ప్రవణత సున్నా. వికృతి సున్నా దాటే చోట ప్రవణత గరిష్ఠం. అంటే విద్యుత్ తరంగం యాంత్రిక తరంగం నుంచి పావు తరంగదైర్ఘ్యం జరిగి ఉంటుంది. ఇంకో విశేషం ఉంది. స్ఫటికంలో ఒకే బిందువు దగ్గర నిలబడి రెండింటినీ కొలిస్తే, తరంగం ఎడమ నుంచి వస్తున్నప్పుడు విద్యుత్ సంకేతం ఒక గుర్తుతో, కుడి నుంచి వస్తున్నప్పుడు వ్యతిరేక గుర్తుతో వస్తుంది. వికృతి రెండు సందర్భాల్లోనూ ఒకటే. పీజో సంకేతానికి తరంగం ఎటు నుంచి వచ్చిందో తెలియదు. ఫ్లెక్సో సంకేతానికి తెలుస్తుంది. ఈ రెండు ప్రభావాలనూ ప్రయోగంలో విడదీయడానికి ఇంతకంటే శుభ్రమైన గుర్తు నాకు కనిపించలేదు.

ఇక పరిమాణం మాట. కోగన్ ఇచ్చిన మోటు లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని, పరమాణువుల మధ్య దూరాన్ని తీసుకుంటే వికృతి ప్రవణతకూ ధ్రువణానికీ మధ్య జోడింపు బలం ఓల్టులలో వస్తుంది. జాలక దూరం 4 ఆంగ్‌స్ట్రామ్‌లయితే 3.6 ఓల్టులు. దాన్ని పదార్థపు విద్యుత్ గ్రహణశీలతతో గుణిస్తే ఫ్లెక్సో గుణకం. స్ట్రాన్షియం టైటనేట్‌కు గది ఉష్ణోగ్రత దగ్గర రోధక స్థిరాంకం సుమారు 300. కాబట్టి గుణకం మీటరుకు 10 నానోకులూంబ్‌ల చుట్టూ ఉంటుంది. 2007లో జుబ్కో, ఆయన సహచరులు ఆ స్ఫటికాన్నే వంచి కొలిచినప్పుడు నానోకులూంబ్‌ల స్థాయి విలువలే వచ్చాయి.

ఇది క్వార్ట్జ్ పీజో ప్రభావంతో తూగుతుందా? క్వార్ట్జ్ గుణకం చదరపు మీటరుకు సుమారు 0.17 కులూంబ్. ఫ్లెక్సో ధ్రువణం తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ పెరుగుతుంది. ఈ లెక్కన తరంగదైర్ఘ్యం మైక్రోమీటరులో మూడో వంతుకు కాస్త పైన ఉన్నప్పుడు స్ట్రాన్షియం టైటనేట్‌లోని ఫ్లెక్సో ధ్రువణం క్వార్ట్జ్‌లోని పీజో ధ్రువణానికి సమానమవుతుంది. అంతకంటే పొట్టి తరంగాల్లో దాన్ని దాటిపోతుంది. పీజో గుణం లేదని పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టిన స్ఫటికం గురించి ఈ మాట చెబుతున్నానని గమనించండి.

అయితే అన్ని తరంగాలకూ ఈ లెక్క వర్తించదు. అనుదైర్ఘ్య తరంగంలో ధ్రువణం ప్రయాణ దిశలోనే ఉంటుంది. అప్పుడు ధన, ఋణ ఆవేశాలు పొరలు పొరలుగా పేరుకుని, తమ క్షేత్రంతో ఆ ధ్రువణాన్నే అణచివేస్తాయి. రోధక స్థిరాంకం 300 ఉన్నచోట ధ్రువణం దాదాపు 300 రెట్లు కుంగిపోతుంది. కానీ ఆ అణచివేసే క్షేత్రం ఎక్కడికీ పోదు, స్ఫటికంలోనే ఉంటుంది. దాని ఓల్టేజి, జోడింపు బలాన్ని వికృతితో గుణించినంత. వికృతి లక్షలో ఒక వంతయితే 36 మైక్రోఓల్టులు. ఇందులో తరంగదైర్ఘ్యం ఊసే లేదు. కోగన్ వెతికింది దీన్నే. దారిలో ఉన్న ఎలక్ట్రాన్‌ను చెదరగొట్టేది ఈ ఓల్టేజే.

తిర్యక్ తరంగాల కథ వేరు, నా దృష్టిలో ఇదే అసలు కథ. అక్కడ ధ్రువణం ప్రయాణ దిశకు అడ్డంగా ఉంటుంది. ఆవేశాలు పేరుకోవు, అణచివేత లేదు. కాబట్టి జోడింపు తన పూర్తి బలం చూపుతుంది, తరంగ వేగాన్నే మార్చేస్తుంది. ఎలా? ప్రవణత ఉన్నచోట స్ఫటికం ధ్రువణం చెంది తన శక్తిని కొంత తగ్గించుకోగలదు. అంటే పొట్టి తరంగాలకు స్ఫటికం మెత్తబడుతుంది. మెత్తబడితే ధ్వని నెమ్మదిస్తుంది. నిడుపు తరంగాలకు ప్రవణత నామమాత్రం కనుక వాటి వేగం చెక్కుచెదరదు. వేగం తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారడాన్ని విక్షేపణం అంటాం. ఫ్లెక్సోవిద్యుత్తు స్ఫటికంలో విక్షేపణం తెస్తుంది.

ఎంత తెస్తుంది? స్ట్రాన్షియం టైటనేట్‌లో తిర్యక్ ధ్వని వేగం సెకనుకు 4.9 కిలోమీటర్లు. పై లెక్క ప్రకారం ఈ ప్రభావానికి సహజమైన పొడవు అర నానోమీటరు. ఈ పొడవు ముందు తరంగం ఎంత పెద్దదన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది, అదీ వర్గ సూత్రంలో. 10 మెగాహెర్ట్జ్ అతిధ్వనికి వేగంలో వచ్చే తేడా లక్ష కోట్లలో పాతిక వంతులు. వాల్తేరు పరికరాలకే కాదు, ఆ పౌనఃపున్యాల్లో పనిచేసే ఏ పరికరానికైనా అది అందదు. 1 గిగాహెర్ట్జ్ దగ్గర కోటిలో రెండు వంతులు. 50 నానోమీటర్ల తరంగానికి, అంటే దాదాపు 100 గిగాహెర్ట్జ్ దగ్గర, వెయ్యిలో రెండు వంతులు దాటుతుంది. 5 నానోమీటర్లకు వస్తే తేడా ఎంత పెద్దదంటే ఈ మోటు సూత్రమే కూలిపోతుంది, పూర్తి జాలక సిద్ధాంతం కావాలి.

జాలకం పరమాణువులతో కూడింది కనుక పొట్టి తరంగాలు ఎలాగూ నెమ్మదిస్తాయి కదా, ఇందులో ఫ్లెక్సో వాటా ఎంతో ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఉష్ణోగ్రతలో ఉంది. మామూలు జాలక విక్షేపణం చల్లబరిస్తే పెద్దగా మారదు. ఫ్లెక్సో వాటా మాత్రం రోధక స్థిరాంకంతో పాటు పెరుగుతుంది. పొటాషియం టాంటలేట్‌లో ఆ స్థిరాంకం గది ఉష్ణోగ్రత దగ్గర 240 ప్రాంతంలో ఉంటుంది, ద్రవ హీలియం ఉష్ణోగ్రతలకు చేరేసరికి 4,000 దాటుతుంది. బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలలో ఆక్స్, హరాడా, షిరానే ఆ స్ఫటికం మీద న్యూట్రాన్లను ప్రయోగించి 1970లో ఫలితాలు ప్రకటించారు. చల్లబరిచేకొద్దీ స్ఫటికంలోని మృదువైన ధ్రువణ కంపనం పౌనఃపున్యం దిగివస్తుంది. అది దిగుతూ తన కింద ఉన్న తిర్యక్ ధ్వని శాఖను కిందికి నెడుతుంది. నిడుపు తరంగాల కొసన శాఖ వాలు మారలేదు. కాస్త పొట్టి తరంగాల దగ్గరకు రాగానే శాఖ కుంగింది. వారు ఫ్లెక్సో అన్న మాట వాడలేదు గానీ వాళ్లు చూసింది ఇదే. ఫ్లెక్సోవిద్యుత్తుకు బాగా పాత, అన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం ఒక తరంగం ఇచ్చిందన్నమాట. వంచిన పలకల ప్రయోగాలకు వచ్చిన పేరు ఈ పనికి రాలేదు. రావాలి.

ఎందుకంటే వంచి కొలిచిన విలువల్లో ఒక పెద్ద చిక్కుంది. 2000 తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మా, క్రాస్ అనే ఇద్దరు సిరామిక్ పదార్థాలను వంచి కొలిచి, బేరియం స్ట్రాన్షియం టైటనేట్‌లో గుణకం మీటరుకు 100 మైక్రోకులూంబ్‌ల దాకా ఉందని చూపారు. ఈ రంగానికి మళ్లీ ప్రాణం పోసింది ఆ కొలతలే. వారికి మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ గుణకం నుంచి జోడింపు బలం లెక్కిస్తే వందల ఓల్టులు వస్తుంది. కోగన్ అంచనా కొద్ది ఓల్టులే. ఇక్కడే తరంగం తీర్పు చెబుతుంది. జోడింపు అంత బలమైతే ధ్వని శాఖ కుంగి కుంగి సున్నాను తాకాలి. తాకితే స్ఫటికం ఆ రూపంలో నిలవదు, తనంతట తానే అలలు అలలుగా మారిపోతుంది. యూదిన్, అహ్లువాలియా, తగన్‌ట్సెవ్ 2014లో ఈ తర్కంతోనే జోడింపు బలానికి పైహద్దు కట్టారు. అది వందల ఓల్టులకు చాలా దిగువన ఉంది. అంటే ఆ పెద్ద సంఖ్యల్లో అధికభాగం స్ఫటికపు లోతుల్లోంచి వచ్చింది కాదు. ఉపరితలాల నుంచో, సిరామిక్ తయారీలో మిగిలిపోయిన ధ్రువ ప్రాంతాల నుంచో వచ్చి ఉండాలి. పరికరం తయారుచేసేవారికి ఈ తేడాతో పనిలేకపోవచ్చు, వచ్చిన కరెంటు ఎక్కడిదైనా కరెంటే. పదార్థాన్ని అర్థం చేసుకోవాలనుకునేవారు మాత్రం తరంగం మాట వినకుండా ఏ గుణకాన్నీ పట్టికలో ఎక్కించకూడదని నా అభిప్రాయం.

తరంగానికీ ఒక పరిమితి ఉంది, అదీ చెప్పాలి. 1986లో తగన్‌ట్సెవ్ చూపినట్టు, కదిలే స్ఫటికంలో ధ్రువణం ప్రవణత వల్లనే కాక త్వరణం వల్ల కూడా పుడుతుంది. బరువైన అయాన్లు, తేలికైన అయాన్లు ఒకే త్వరణానికి ఒకేలా స్పందించవు కదా. దీన్ని గతిక ఫ్లెక్సోవిద్యుత్తు అంటారు. వంచి నిలిపిన పలకలో ఇది లేదు, తరంగంలో ఉంది. పైగా పరిమాణంలో స్థిర ప్రభావానికి తీసిపోదు, ఎందుకంటే తరంగంలో త్వరణాన్ని పుట్టించేదే ప్రవణత. కాబట్టి న్యూట్రాన్ ప్రయోగం ఇచ్చే సంఖ్య ఈ రెండూ కలిసినది. విడదీయాలంటే మూల సూత్రాల నుంచి చేసే గణన కావాలి, లేదా స్థిర కొలత పక్కన ఉండాలి. వంపు కొలతా తరంగ కొలతా ఒకే నమూనా మీద జరగాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఫ్లెక్సోవిద్యుత్తు ఉనికి ప్రయోగశాల స్ఫటికాలకే పరిమితం కాదు. 2012లో బేరియం టైటనేట్ పలచని పొర మీద సూక్ష్మమైన సూదిమొనతో ఒత్తి, ఓల్టేజి లేకుండానే ధ్రువణ దిశను తిరగరాశారు. 2018లో ఎముకలో ఫ్లెక్సోవిద్యుత్తును కొలిచారు. పగుళ్ల కొసన ప్రవణత తీవ్రంగా ఉంటుంది కనుక అక్కడ పుట్టే క్షేత్రం ఎముక మరమ్మతుకు సంకేతం కావచ్చని ఆ పరిశోధకుల అభిప్రాయం. 2025లో మంచుగడ్డ వంతు వచ్చింది. మామూలు మంచుకు పీజో గుణం లేదు. వంచితే మాత్రం విద్యుత్తు పుడుతుందని తేలింది. మేఘాల్లో మంచు కణాలు ఢీకొన్నప్పుడు ఆవేశం ఎలా చేరుతుందన్న పాత ప్రశ్నకు ఇది జవాబులో ఒక భాగం కావచ్చు.

చివరిగా ఇక్కడున్న అధ్యాపకులకు, విద్యార్థులకు రెండు మాటలు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర అందనిది ఇవాళ పొట్టి తరంగాలతో అందుతుంది. పికోసెకండ్ లేజర్ స్పందనలతో లోహపు పొరను తట్టి, పదుల నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ధ్వనిని పుట్టించే పద్ధతిని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1980ల్లోనే మొదలుపెట్టారు. కాంతి పరిక్షేపణంతో గిగాహెర్ట్జ్ ధ్వని వేగాన్ని కొలిచే బ్రిలువా పద్ధతి అంతకంటే పాతది, పరిక్షేపణం మన గురుపరంపరకు చేయి తిరిగిన విద్య. స్ట్రాన్షియం టైటనేట్, పొటాషియం టాంటలేట్ ఏకస్ఫటికాలు అంగట్లో దొరుకుతాయి. చల్లబరుస్తూ, వంచుతూ, ధ్వనిని పంపుతూ, ఒకే నమూనా మీద మూడు గుణకాలనూ కొలిచే పనిని మన విశ్వవిద్యాలయాల్లో ఏదో ఒక విభాగం చేపట్టాలని కోరుతున్నాను. స్ఫటిక భౌతికశాస్త్రం పాఠం పీజో దగ్గర ఆపేసే అధ్యాపకులు ఇంకొక్క తరగతి కేటాయించి, ఆ 54 సంఖ్యలు ఘన స్ఫటికంలో మూడుగా ఎలా కుదించుకుపోతాయో నల్లబల్ల మీద చేసి చూపండి. దానికి పరికరం అక్కర్లేదు. భగవంతం గారి పుస్తకంలోని పద్ధతి చాలు.